యాక్సిలరేటర్ ఇరుక్కుంటున్న బస్సు: వెంటనే ఆపాలా, రీకాల్ దాకా నడపాలా?

పల్నాటి ప్రయాణికుడు:
2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం లోపమున్న బండ్లను బాగుచేయడానికి వెనక్కి పిలవమని (రీకాల్) కేంద్రం కంపెనీని ఆదేశించవచ్చు. 2021 ఏప్రిల్ 1 నుంచి ఆ నిబంధనలు అమల్లో ఉన్నాయి. కానీ బస్సులకైతే ఏడాదిలో అమ్మిన వాటిలో 3 శాతం మీద ఫిర్యాదులు రావాలి. వెయ్యి అమ్మితే ముప్పై. కాలు తీసినా పెడల్ వెనక్కి రాని బస్సుకి కూడా ముప్పై మంది ఫిర్యాదు చేసేదాకా ఆగాలా? ఒక్క ఫిర్యాదు వచ్చినా ఆ బస్సును పరీక్ష అయ్యేదాకా ఆపేయాలంటాను.

సెన్సర్ రావు:
అలా ఆపుకుంటూ పోతే రోడ్డు మీద బస్సే ఉండదు. ఇప్పటి బస్సుల్లో కేబుల్ లేదు, పెడల్ దగ్గర రెండు సెన్సర్లుంటాయి, రెండింటికీ పొంతన కుదరకపోతే ఈసీయూ, అంటే బండిని నడిపించే కంప్యూటర్, పికప్ తగ్గించేస్తుంది, లోపాన్ని చెప్పే కోడ్ అందులో నమోదవుతుంది. 2024 డిసెంబరు 9న ముంబయి కుర్లాలో ఎలక్ట్రిక్ బస్సు జనం మీదికి దూసుకెళితే ముందు బ్రేకు ఫెయిలన్నారు. తనిఖీలో బ్రేకులు బాగానే ఉన్నాయని తేలింది. లోపమన్నంత మాత్రాన లోపం ఉన్నట్టు కాదు.

డ్రైవర్ గారి అబ్బాయి:
మా నాన్న ఒక ప్రైవేటు ట్రావెల్స్‌లో నడిపేవారు. పెడల్ ఇరుక్కుంటోందని ఎన్నిసార్లు చెప్పినా "ముందు ట్రిప్పు కొట్టు, తర్వాత చూద్దాం" అన్నారు. చివరికి టోల్‌గేట్ దగ్గర ముందున్న లారీని గుద్దింది. జీతం కోశారు, తర్వాత ఉద్యోగమూ తీసేశారు. బస్సు మాత్రం కొత్త అద్దం వేయించుకుని మళ్లీ అదే రూటులో తిరిగింది.

సెన్సర్ రావు:
బాధాకరమే. కోడ్ చదివించారా?

డ్రైవర్ గారి అబ్బాయి:
ఎవరు చదివించాలి సార్? డ్రైవరా?

సెన్సర్ రావు:
కోడ్ లేకుండా లోపం ఉందని ఎలా అంటారు?

పల్నాటి ప్రయాణికుడు:
టయోటా సంగతి చూడండి. 2009లో అమెరికాలో మ్యాట్ల వల్లే పెడల్ ఇరుక్కుంటోందంది. 2010 జనవరిలో పెడలే అతుక్కుంటోందని 23 లక్షల వాహనాలకు రీకాల్ ప్రకటించింది. జనాన్ని తప్పుదోవ పట్టించినందుకు 2014లో 120 కోట్ల డాలర్లు కట్టింది.

సెన్సర్ రావు:
టయోటా బండ్లలో ఎలక్ట్రానిక్స్ వల్ల థ్రాటిల్ (ఇంజనులోకి గాలి వెళ్లే ద్వారం) ప్రమాదకరంగా తెరుచుకుంటుందనడానికి ఆధారం దొరకలేదని 2011లో నాసా తేల్చింది, అదీ రాయండి.

గ్యారేజ్ శీను:
రావు గారూ, పెడల్ అతుక్కోవడం ఎలక్ట్రానిక్స్ కాదు కదండీ. దుమ్ము పట్టి స్ప్రింగు వెనక్కి లాగకపోతే పెడల్ నిజంగానే కిందికి ఉంటుంది. రెండు సెన్సర్లూ ఒకే మాట చెబుతాయి. ఇక కోడ్ ఎందుకొస్తుంది?

సెన్సర్ రావు:
బ్రేకు తొక్కితే పికప్ కట్ అయ్యే ఏర్పాటు ఉంటుంది.

గ్యారేజ్ శీను:
అన్ని బస్సుల్లో ఉందా? నేను డ్రైవర్లకు చెప్పేది ఒక్కటే, న్యూట్రల్ చేసి బ్రేకు గట్టిగా తొక్కి పట్టమని. మాటిమాటికీ వదిలి తొక్కితే బ్రేకులను పనిచేయించే గాలి అయిపోతుంది.

అద్దె బస్సు ఓనర్:
ఆపండి ఆపండి అంటున్నారు, నాకు కిలోమీటరు లెక్కన డబ్బులొస్తాయి. కంపెనీ పార్టు ఉచితంగా మారుస్తుంది సరే, బస్సు నిలబడిన రోజులకి ఫైనాన్స్ కిస్తీ ఎవరు కడతారు?

సెన్సర్ రావు:
నేను చెప్పేదీ అదే. డ్యూటీ ఇష్టం లేని ప్రతివాడూ పెడల్ బాగాలేదని రాసేస్తే?

డ్రైవర్ గారి అబ్బాయి:
ఇప్పుడు బయటపడింది మీ మనసులో మాట! ఇందాకటి నుంచి సెన్సర్లంటూ తిప్పుతున్నారు గానీ డ్రైవరంటేనే మీకు నమ్మకం లేదు. మా నాన్న అన్ని కిలోమీటర్లు నడిపింది డ్యూటీ ఎగ్గొట్టడానికా?

నరసరావుపేట:
మాట తగ్గించండి ఇద్దరూ.

అద్దె బస్సు ఓనర్:
డ్రైవర్ మీద నాకు అనుమానం లేదు తమ్ముడూ. నిలబడిన రోజులకు కంపెనీయే కిరాయి కట్టాలని రూలు పెట్టమను, ఈ రాత్రికే ఆపేస్తాను.

సెన్సర్ రావు:
మెకానిక్ చూసి లోపం ఉందంటే ఆపండి, నాకేం అభ్యంతరం లేదు. డ్రైవర్ ఒక్కడి మాట మీద మాత్రం ఒప్పుకోను.

డ్రైవర్ గారి అబ్బాయి:
మెకానిక్ వచ్చేదాకా బస్సు కదలాలా, నిలబడాలా? దానికి జవాబు చెప్పండి.