పీఎం వాణి వైఫై: సాయంత్రం అయ్యేసరికి కొత్త ఫోన్లు కనెక్ట్ కావడం లేదు

మండల కేంద్రంలో బస్టాండు పక్కన నాకు జిరాక్స్ షాపు ఉంది. పీఎం వాణి కింద పీడీవోగా (పబ్లిక్ డేటా ఆఫీస్, అంటే వైఫై అమ్మే చిన్న కేంద్రం) మూడు నెలలుగా వైఫై కూపన్లు అమ్ముతున్నాను. లైసెన్సు, ఫీజు లేకుండా చిన్న షాపులవాళ్లు కూడా ఇంటర్నెట్ అమ్ముకోవచ్చని 2020లో తెచ్చిన పథకమిది. రోజుకు 5 రూపాయల కూపన్, 30-40 దాకా పోతాయి.

పొద్దున అంతా బాగానే ఉంటుంది. సాయంత్రం 5 దాటాక కాలేజీ బస్సులు వచ్చేసరికి మొదలవుతుంది. ఫోన్‌లో సిగ్నల్ నిండుగా ఉంటుంది, కానీ "ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్‌కిచ్చే గుర్తింపు నంబరు) తీసుకుంటోంది" అని తిరిగి తిరిగి ఆగిపోతుంది. లాగిన్ పేజీ రానే రాదు. అప్పటికే కనెక్ట్ అయి ఉన్నవాళ్లకు మాత్రం వీడియోలు కూడా ఆడుతున్నాయి. రౌటర్ ఆపి వేస్తే సర్దుకుంటుంది, మర్నాడు సాయంత్రం మళ్లీ అదే.

చేసి చూసినవి: ఛానల్ 1, 6, 11 మార్చాను. రెండో యాక్సెస్ పాయింట్ పెట్టాను. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాను. ఫైబర్ లైను 100 ఎంబీపీఎస్. అదే సమయంలో కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి 90 పైనే వస్తోంది, కాబట్టి లైను తప్పు కాదనుకుంటున్నా. కూపన్లు ఇచ్చే కంపెనీవాళ్లు తమ సర్వర్ బాగానే ఉందంటున్నారు.

రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఫోన్లకు ఐపీ అడ్రస్‌లు పంచే ఏర్పాటు) పరిధి 192.168.1.100 నుంచి 199 వరకు, లీజ్ టైమ్ (ఒకసారి ఇచ్చిన అడ్రస్ ఆ ఫోన్‌ పేరునే ఉండే సమయం) 24 గంటలు. కూపన్ కొనకపోయినా బస్సు కోసం నిలబడ్డ చాలామంది ఫోన్లు దీనికి తగులుకుంటాయి. హాల్‌టికెట్ కోసం వచ్చిన పిల్లలకు డబ్బులు తిరిగి ఇచ్చి పంపాల్సి వస్తోంది, అది చాలా బాధగా ఉంది.

ఇలా జనం వచ్చిపోయే చోట వైఫై నడుపుతున్నవాళ్లు లీజ్ టైమ్, ఐపీ పరిధి ఎంతెంత పెట్టుకున్నారో చెప్తారా?