చెవులు 2007లో ఆగిపోయాయి: కొత్త రాక్, ఇండీ ఆల్బమ్‌లలో ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న – పాత క్యాసెట్

అందరికీ నమస్కారం. రాక్ సంగీతం వినడం నాకు ఎన్నాళ్ల నుంచో ఉన్న అలవాటే. అయితే ఉన్న మాట చెప్పాలంటే, 2007లో రేడియోహెడ్ బృందం ‘ఇన్ రెయిన్‌బోస్’ వచ్చిన దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. ఆ తరువాత ఏమేమి వచ్చాయో తెలుసుకుందామని స్ట్రీమింగ్ యాప్ తెరిచినప్పుడల్లా, నేను వందసార్లు విన్న పాటలనే కాస్త వరుస మార్చి అది మళ్లీ నా ముందు పెడుతోంది. పొరపాటున కొత్త పాట ఒకటి తగిలినా, అది నాకు ఇష్టమైన ఏదో పాత పాటకు నకలులా ఉంటోందే తప్ప దానికంటూ ఒక సొంత గొంతు కనబడడం లేదు. ఏడాది చివర పత్రికలు వేసే యాభై, వంద ఆల్బమ్‌ల జాబితాలు కూడా చూశాను. వాటిలో ప్రతి ఆల్బమూ అద్భుతమే కనుక ఏది ముందు వినాలో తేలక, ఒక్కో దానిలో అర నిమిషం విని వదిలేశాను.

అందుచేత మిమ్మల్ని కోరేది ఒక్కటే. 2024, 2025 సంవత్సరాలలో విడుదలైన వాటిలో మీరు స్వయంగా పదే పదే విన్న ఒకటి రెండు ఆల్బమ్‌ల పేర్లు మాత్రమే చెప్పి, వాటిలో మొదట ఏ పాట వినాలో, ఎందుకు వినాలో దయచేసి రాయండి. నా అభిరుచి తెలియడానికి రెండు మాటలు: పిక్సీస్ పాటల్లో మెల్లగా నడిచే చరణం ఉన్నట్టుండి హోరెత్తిపోవడం నాకు ఇష్టం, జాయ్ డివిజన్ పాటల్లో బేస్ గిటార్ వెనక నక్కి ఉండకుండా ముందుకొచ్చి బాణీని తానే మోయడం ఇంకా ఇష్టం. గొంతు చించుకుని పాడే పాటలు మాత్రం నాకు అంతగా ఒంటబట్టవు. పోతే, ఒక సందేహం కూడా ఉంది. కొత్త రికార్డింగులలో మెల్లని చోటుకూ హోరు చోటుకూ తేడా తగ్గిపోయినట్టు నాకు అనిపిస్తోంది. ఇది నా వయసు వల్లనా, లేక రికార్డింగు పద్ధతులే మారాయా?


సమాధానం – నాలుగో తీగ

బేస్ ముందుకు రావాలని మీరు అడిగారు కాబట్టి నేను తడుముకోకుండా ది క్యూర్ బృందం 2024 నవంబరు 1న విడుదల చేసిన ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’ పేరే చెబుతాను. 2008 నాటి ‘4:13 డ్రీమ్’ తరువాత పదహారేళ్లకు వచ్చిన ఈ ఆల్బమ్‌లో ఉన్నవి ఎనిమిది పాటలే. మొదటి పాట ‘అలోన్’ మొదలైన మూడు నిమిషాలు దాటేదాకా గాయకుడు రాబర్ట్ స్మిత్ నోరు విప్పడు. చివరి పాట ‘ఎండ్‌సాంగ్’ పది నిమిషాలకు పైగా సాగుతుంది. అందులో గొంతు వినబడేసరికి ఆరు నిమిషాలు గడిచిపోతాయి. అంతసేపూ డ్రమ్స్ ఒకే నడకను పట్టుకుని వదలవు, సైమన్ గ్యాలప్ బేస్ బరువుగా కింద పరుచుకుంటుంది, గిటార్లు ఒకదాని మీద ఒకటి పేరుకుంటూ పోతాయి. మీరు అర నిమిషం విని వదిలేశానన్నారే, ఆ పద్ధతిలో ఈ ఆల్బమ్ మీకు ఎప్పటికీ దొరకదు. ‘ఐ కెన్ నెవర్ సే గుడ్‌బై’ అన్న పాట స్మిత్ తన అన్న మరణం గురించి రాసుకున్నది. అందులో పియానో వాయించే నాలుగైదు స్వరాలు ఎంత సాదాగా ఉంటాయంటే, ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. అయినా పాట అయిపోయాక చాలాసేపు అవే చెవిలో ఉండిపోతాయి.

రెండోది, డబ్లిన్ నగరపు బ్యాండ్ ఫాంటేన్స్ డీసీ నాలుగో ఆల్బమ్ ‘రొమాన్స్’. ఇది 2024 ఆగస్టులో వచ్చింది. మొదటి మూడు ఆల్బమ్‌లకు డ్యాన్ కేరీ నిర్మాత కాగా, దీనికి జేమ్స్ ఫోర్డ్ పనిచేశాడు. మీరు ఆగిపోయిన ఆ 2007లోనే ఆర్కిటిక్ మంకీస్ రెండో ఆల్బమ్‌కు పనిచేసిన నిర్మాత ఈయనే కాబట్టి, మీకు పూర్తిగా కొత్త ఊరికి వెళ్లినట్టు ఉండదు. ‘స్టార్‌బర్స్టర్’ అనే పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గాయకుడు గ్రియాన్ చాటెన్‌కు లండన్‌లోని సెయింట్ పాంక్రాస్ రైల్వే స్టేషన్లో ఒకసారి ఉన్నట్టుండి తీవ్రమైన ఆందోళన కమ్ముకుని ఊపిరి అందకుండా పోయిందట. ఆ అనుభవంలోంచి పుట్టిన పాట కనుక, పల్లవిలో మాటకూ మాటకూ నడుమ అతను గాలిని గట్టిగా లోపలికి లాగే చప్పుడును అలాగే ఉంచేశారు. అది శబ్దంగా మొదలై, రెండోసారి పల్లవి వచ్చేసరికి డ్రమ్స్‌తో పాటు తాళంలో భాగమైపోతుంది. ఆ చప్పుడు మీకు ఇబ్బందిగా తోస్తే, ఆఖరి పాట ‘ఫేవరిట్’ నుంచి వెనక్కి నడవండి. గలగలలాడే గిటార్లతో వెలుతురుగా ఉండే ఆ పాట వాళ్లదేనంటే మొదట నేనే నమ్మలేదు.


సమాధానం – వెనక వరుస డ్రమ్మరు

పైవారి సూచనలతో నాకు పేచీ లేదు కానీ, రెండూ ప్రశ్న అడిగిన వారికి ముందే అలవాటైన దారిలోనివే. చెవులు 2007 దాటాలంటే కొంచెం ఇబ్బంది పెట్టే సంగీతం కూడా వినాలి. న్యూయార్క్ కుర్రవాళ్ల బ్యాండ్ గీస్ 2025 సెప్టెంబరులో విడుదల చేసిన ‘గెటింగ్ కిల్డ్’ వినండి. అంతవరకు హిప్‌హాప్ రికార్డులతో పేరు తెచ్చుకున్న కెన్నెత్ బ్లూమ్, అంటే కెన్నీ బీట్స్, దీనికి నిర్మాత కావడం వల్లనేమో, డ్రమ్స్ ఎదురుగా కూర్చుని వాయిస్తున్నంత దగ్గరగా వినబడతాయి. మొదటి పాట ‘ట్రినిడాడ్’లో గాయకుడు కామెరాన్ వింటర్ నిజంగానే గొంతు చించుకుంటాడు, మీకు నచ్చదని ముందే చెబుతున్నాను. దాన్ని దాటేసి ‘టాక్సెస్’కు వెళ్లండి. సగం పాట వరకు డ్రమ్స్, గొంతు తప్ప దాదాపు ఏమీ ఉండదు. ఆ తరువాత గిటార్లు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. పిక్సీస్ నుంచి మీరు కోరుకున్నది అదే, కాకపోతే ఇక్కడ హోరు కోపంగా కాకుండా సంతోషంగా వస్తుంది.


సమాధానం – నాలుగో తీగ

కేకలు ఒంటబట్టవని స్పష్టంగా రాసినవారికి ‘ట్రినిడాడ్’ ఉన్న ఆల్బమ్‌ను చేతిలో పెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. ‘టాక్సెస్’ గొప్ప పాటేనని మాత్రం ఒప్పుకుంటున్నాను.


సమాధానం – పెడల్ స్టీల్

నేను పేర్లకన్నా ఒక దారి చెబుతాను. ఒక ఆల్బమ్ నచ్చితే, దాని వంటి మరో ఆల్బమ్ కోసం యాప్‌ను అడగకుండా, అందులో వాయించినవారు ఇంకెక్కడెక్కడ వాయించారో చూడండి. ఉదాహరణకు, గాయకుడు, గిటారిస్టు ఎంజే లెండర్‌మన్ 2024 సెప్టెంబరులో ‘మ్యానింగ్ ఫైర్‌వర్క్స్’ విడుదల చేశాడు. అందులో ఉన్నవి తొమ్మిది పాటలు. గిటార్ కాస్త సోమరిగా, శ్రుతికి అటూ ఇటూ జారుతున్నట్టే ఉంటుంది కానీ ప్రతి మాటా చెక్కినట్టు ఉంటుంది; నవ్వు తెప్పిస్తూనే పాపం అనిపించే మనుషులు ఆ పాటల నిండా కనబడతారు. ఆఖరి పాట మామూలుగా మొదలై, మాటలు ఆగిపోయాక చాలా నిమిషాలపాటు ఒకే గుంయిమనే నాదంగా సాగుతుంది. అది యాప్ చెడిపోవడం వల్ల కాదు, కంగారుపడకండి.

ఇదే మనిషి అదే ఏడాది మార్చిలో వచ్చిన వాక్సాహాచీ ఆల్బమ్ ‘టైగర్స్ బ్లడ్’లో గిటార్ వాయించాడు, ‘రైట్ బ్యాక్ టు ఇట్’ అనే పాటలో జంటగా గొంతు కూడా కలిపాడు. అతను గిటారిస్టుగా ఉన్న వెన్స్‌డే బ్యాండ్ 2025 సెప్టెంబరులో ‘బ్లీడ్స్’ ఆల్బమ్ తెచ్చింది. వారితో పర్యటనలు మానుకున్నా ఈ రికార్డులో మాత్రం వాయించాడు. కంట్రీ పాటల్లో తీయగా మూలిగే పెడల్ స్టీల్ గిటార్‌ను వీళ్లు బరబరలాడే గిటార్ల నడుమ కూర్చోబెడతారు. ఆ రెండు శబ్దాలకూ పొత్తు కుదరదని మొదటి పాటలో అనుకుంటారు, మూడో పాటకు వచ్చేసరికి ఒకటి లేకుండా రెండోదాన్ని ఊహించుకోలేరు. ఇలా ఒక్క మనిషి వెంట పోతే మూడు ఆల్బమ్‌లు దొరికాయి.


సమాధానం – మిక్సర్ ముందు మనిషి

మెల్లన, హోరు మధ్య తేడా గురించి అడిగిన సందేహాన్ని ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఇది మీ వయసు వల్ల కాదు. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

మొదటిది రికార్డింగులోనే జరిగేది. పాట మొత్తం గట్టిగా వినబడాలని మాస్టరింగ్ (పాటను విడుదలకు సిద్ధం చేసే చివరి దశ) సమయంలో కంప్రెసర్, లిమిటర్ వాడి ఎత్తయిన శబ్దాలను నొక్కేసి, మిగతాదంతా పైకి లేపుతారు. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ వచ్చినప్పుడు, గిటార్ హీరో వీడియో గేమ్‌లో ఉన్న అవే పాటలు సీడీలోకన్నా తక్కువ నొక్కుడుతో, విడివిడిగా వినబడుతున్నాయని అభిమానులు కనిపెట్టి పెద్ద గొడవ చేశారు. ఈ పోటీ మీరు వినడం ఆపేసిన రోజులలోనే పరాకాష్ఠలో ఉండేది. ఇప్పుడు దాని అవసరం తగ్గింది. ఎందుకంటే స్ట్రీమింగ్ సర్వీసులు ప్రతి పాటనూ దాదాపు ఒకే బిగ్గరతనానికి సర్ది వినిపిస్తున్నాయి. స్పాటిఫైలో మామూలు సెట్టింగు -14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం) దగ్గర ఉంటుంది. ఎంత గట్టిగా మాస్టర్ చేసిన పాటనైనా అది ఆ మట్టానికి దించేస్తుంది.

రెండోది ఆ సర్దడంలోనే ఉన్న కిటుకు. మీరు ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా పెట్టుకుని వింటే, స్పాటిఫై మొత్తం ఆల్బమ్‌కు కలిపి ఒకే సర్దుబాటు చేస్తుంది. అప్పుడు మెల్లని పాట మెల్లగానే ఉంటుంది, దాని పక్కన హోరు పాట హోరుగానే ఉంటుంది. అవే పాటలు ప్లేలిస్టులోనో షఫిల్‌లోనో వస్తే, ఏ పాటకు ఆ పాటను విడిగా సర్దుతుంది కాబట్టి గుసగుసలాడే పాటా గర్జించే పాటా ఒకే ఎత్తున నిలబడతాయి. ఒక పాట లోపలి హెచ్చుతగ్గులను ఈ సర్దుబాటు ముట్టుకోదు. పాటకూ పాటకూ మధ్య ఉన్న తేడాను మాత్రం చదును చేస్తుంది. మీకు యాప్ వడ్డించినవన్నీ ప్లేలిస్టులే కనుక, మీ ఫిర్యాదులో సగం అక్కడి నుంచే వచ్చి ఉంటుంది.

ఈ తేడాను చెవితో తెలుసుకోవాలంటే ఎండూ మొక్తార్ వినండి. నైజర్‌కు చెందిన ఈ తువారెగ్ (సహారా ఎడారి తెగ) గిటారిస్టు ఎడమచేతి వాటం మనిషి. కుర్రతనంలో సైకిల్ తీగలు బిగించి తన మొదటి గిటార్‌ను తానే తయారు చేసుకున్నాడు. 2024 మే నెలలో వచ్చిన ‘ఫ్యూనరల్ ఫర్ జస్టిస్’ ఆల్బమ్‌లో గిటార్ ఎక్కడా ఊపిరి తీసుకోదు. 2023 జూలైలో నైజర్‌లో సైనిక తిరుగుబాటు జరిగి సరిహద్దులు మూతపడినప్పుడు ఈ బృందం పర్యటన మీద అమెరికాలో చిక్కుకుపోయింది. ఆ రోజుల ఫలితమే 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘టియర్స్ ఆఫ్ ఇన్‌జస్టిస్’: అవే పాటలు, కరెంటు గిటార్లు లేకుండా, నేల మీద కూర్చుని పాడుకున్నట్టుగా. మెల్లన ఒక ఆల్బమ్, హోరు ఒక ఆల్బమ్. ఒకే పాటను రెండింటిలోనూ వరుసగా వినండి. అతను పాడే తమాషెక్ భాష తెలియకపోయినా అక్కడ కోపం ఎప్పుడు దుఃఖమైందో తెలుస్తుంది.


ప్రశ్న అడిగినవారి జవాబు – పాత క్యాసెట్

రెండు వారాలు తీసుకుని, షఫిల్ మానేసి, ఒక్కో ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి వరకు విన్నాను. ‘ఎండ్‌సాంగ్’ను రాత్రి దీపం ఆర్పేసి విన్నాను. నాలుగో నిమిషంలో ఫోను ఎక్కడుందా అని చెయ్యి దానంతట అదే వెదికింది. ఆరో నిమిషం దాటాక గొంతు వినబడినప్పుడు ఆ చెయ్యి దుప్పటి మీద తాళం వేస్తోందని గమనించాను. ‘స్టార్‌బర్స్టర్’లోని ఊపిరి చప్పుడు మొదటిసారి నన్ను నిజంగానే ఇబ్బంది పెట్టింది. మర్నాడు మెట్లెక్కి ఆయాసపడుతున్నప్పుడు అదే తాళం గుర్తొచ్చి నవ్వుకున్నాను.

డ్రమ్మరు గారికి: ‘ట్రినిడాడ్’ను నలభై సెకన్లలో ఆపేశాను. ‘టాక్సెస్’ను ఒకే సాయంత్రం ఐదుసార్లు విన్నాను. మీరూ గెలిచారు, నాలుగో తీగ గారూ గెలిచారు. మొక్తార్ పాటల్లో ఆశ్చర్యంగా నాకు హోరు ఆల్బమే ఎక్కువ నచ్చింది. మెల్లని ఆల్బమ్ విన్నాకే హోరులో ఏముందో వినబడింది.

ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. జాబితాలు, యాప్ లేకుండా ఇకముందు కొత్తవి ఎప్పుడు వస్తున్నాయో తెలుసుకునేదెలా?


సమాధానం – శుక్రవారం

వారం చివర ఒక అరగంట కేటాయించుకోండి. 2015 జూలై నుంచి ప్రపంచమంతటా కొత్త ఆల్బమ్‌లు శుక్రవారమే విడుదలవుతున్నాయి. అంతకు ముందు అమెరికాలో మంగళవారం, బ్రిటన్‌లో సోమవారం వచ్చేవి. పెద్ద లేబుళ్ల (ఆల్బమ్‌లు విడుదల చేసే సంస్థల) వెనక పడకుండా, మీకు నచ్చిన రెండు మూడు ఆల్బమ్‌ల లేబుల్ ఏదో చూసి, దాని పేజీని అనుసరించండి. సియాటిల్‌లోని కేఈఎక్స్‌పీ రేడియో స్టూడియోలో బ్యాండ్లు ప్రత్యక్షంగా వాయించే వీడియోలు యూట్యూబ్‌లో ఉంటాయి. కొత్త బ్యాండుకు నిజంగా సత్తా ఉందో, స్టూడియో మెరుగులే ఉన్నాయో ఇరవై నిమిషాలలో అక్కడ తేలిపోతుంది. నచ్చినదాన్ని కళాకారులు తమ పాటలను నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ వెబ్‌సైటులో కొనుక్కుంటే వాయించినవారికి స్ట్రీమింగ్‌లోకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ముడుతుంది. 2020 మార్చిలో మొదలైన బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే నాడు ఆ సంస్థ తన వాటాను కూడా వదులుకుంటుంది.

యాప్‌తో పని లేకుండా విడుదలైన ఆల్బమ్ ఒకటి చెప్పి ముగిస్తాను. సిండీ లీ పేరుతో పాట్రిక్ ఫ్లెగెల్ చేసిన ‘డైమండ్ జూబిలీ’ని 2024 మార్చిలో స్పాటిఫైలో పెట్టకుండా, యూట్యూబ్‌లో రెండు గంటలకు పైగా నడిచే ఒకే వీడియోగానూ, పాతకాలపు సాదా వెబ్‌సైటులో డౌన్‌లోడ్‌గానూ విడుదల చేశారు. అందులో మొత్తం ముప్పై రెండు పాటలు. ఎక్కడో దూరాన రాత్రిపూట రేడియో స్టేషన్ ఒకటి వస్తూ పోతూ ఉన్నట్టు వినబడుతుంది. ఇది మీ పాత క్యాసెట్‌కు దగ్గరి చుట్టమే కనుక, ముందు మొదటి పాట ఒక్కటే వినండి, తరువాత సంగతి రాయండి.