గ్రీన్‌స్టెడ్ దుంగల చర్చిని శాక్సన్ కట్టడం అనవచ్చా?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. ఇంగ్లండులోని ఎసెక్స్‌లో, ఓంగర్ పక్కనే ఉన్న గ్రీన్‌స్టెడ్ సెయింట్ ఆండ్రూ చర్చి క్రీ.శ. 845 ప్రాంతానిదని చాలాకాలం రాస్తూ వచ్చారు. 1990లలో గోడ దుంగల్లో ఏటికొకటిగా ఏర్పడిన వలయాలను మళ్లీ లెక్కించి, ఆ చెట్లను 1063కూ 1100కూ మధ్య నరికి ఉంటారని తేల్చారు. నార్మన్లు శాక్సన్ల నుంచి ఇంగ్లండును గెలిచింది 1066లో. కనుక దీన్ని శాక్సన్ చర్చి అనడం ఇక చెల్లదని నా వాదన. 1013లో సెయింట్ ఎడ్మండ్ (డేన్ల చేతిలో మరణించిన ఈస్ట్ ఆంగ్లియా రాజు) భౌతికకాయాన్ని లండన్ నుంచి తీసుకువెళుతూ ఇక్కడ ఉంచారన్న కథ కూడా దీనితో నిలవదు.

జవాబు:
అయ్యా, ఆ తేదీలతో నాకు పేచీ లేదు, వాటి నుంచి మీరు తీసిన తీర్మానంతోనే ఉంది. దొరికిన చివరి వలయం 1053 నాటిది. దానిపైన, బెరడు కింద ఉండవలసిన చేవలేని లేత చెక్క పొర ఎన్నేళ్ల మందమో అంచనా కట్టి కలిపితే వచ్చినదే మీరు చెప్పిన అవధి. అంటే చెట్టు 1066కు ముందు పడిందో తరువాత పడిందో ఆ చెక్క చెప్పదు.

గోడ మాత్రం చెబుతుంది. ఓక్ దుంగలను నిలువునా చీల్చి, గుండ్రటి వైపు బయటికీ చదును వైపు లోపలికీ ఉండేలా పక్కపక్కన నిలబెట్టి, అంచుల్లో గాడి తీసి, గాలి చొరకుండా ఆ గాళ్లలో సన్నని ఓక్ బద్దలు దిగ్గొట్టారు. లోపలి వైపు బాడిస దెబ్బలు నేటికీ కనబడతాయి. నార్మన్ దొరలు రాతి చర్చిలు కట్టించారు. ఈ పని మాత్రం ఊరి వడ్రంగులు తాతల నాటి నుంచి చేస్తూ వచ్చినది. రాజు మారిన ఏడాదే వాళ్ల పనితనం మారిపోదు కదా! ఇక ఎడ్మండ్ కథకు వస్తే, 1960లో చాన్సెల్ (చర్చిలో బలిపీఠం ఉండే భాగం) నేల కింద తవ్వినప్పుడు అంతకు ముందటి చెక్క కట్టడాల ఆనవాళ్లు బయటపడ్డాయి. కథ ఈ గోడలది కాకపోవచ్చు, ఈ చోటుది మాత్రం కావచ్చు.

ప్రశ్నించినవారి స్పందన:
పనితనం గురించి మీరు చెప్పినది ఒప్పుకుంటున్నాను. అయితే 1848లో మరమ్మతు చేసినవారు కుళ్లిన దుంగల అడుగుభాగాలను కోసి, ఇటుక పునాది మీద నిలబెట్టారు. చాన్సెల్ ఇటుకపని ట్యూడర్ రాజుల కాలానిది (1485–1603). అందుచేత చర్చి మొత్తాన్ని కాక, దుంగల గోడను మాత్రమే శాక్సన్ పద్ధతిలో కట్టినదని రాసి, పక్కనే 1063–1100 అని వేస్తే నాకు అభ్యంతరం లేదు. 845ను మాత్రం తీసివేయవలసిందే.