అటాక్సియా ఉన్నవారు కలుసుకునే బృందం గోదావరి జిల్లాల్లో ఉందా?

ప్రశ్న (కాకినాడ నుంచి):
మా అన్నయ్యకు 42 ఏళ్లు. నడకలో తూలు, మాటలో ముద్దతనం మొదలై చాలా కాలమైనా, అది శరీర కదలికలపై అదుపు తప్పే వంశపారంపర్య నాడీ జబ్బు స్పైనోసెరిబెల్లర్ అటాక్సియాలో రెండో రకం, అంటే ఎస్‌సీఏ2 అని ఈమధ్యే జన్యు పరీక్షలో తేలింది. నయం చేసే మందు లేదని, వ్యాయామం మాత్రం మానవద్దని డాక్టరుగారు చెప్పారు. తాగి తూలుతున్నాడని వీధిలోవాళ్లు అనుకుంటూ ఉండటంతో ఆయన బయటికి రావడమే తగ్గించేశారు. ఇదే జబ్బు ఉన్న మరొకరితో మాట్లాడితే ఆయనకు ధైర్యం వస్తుందని మా వదిన ఆశ. మా చుట్టుపక్కల అలాంటి బృందమేదైనా ఉంటే దయచేసి తెలియజేయగలరు.

జవాబు (హనుమకొండ నుంచి):
మా ఆవిడకూ అటాక్సియానేనండీ. ఎస్‌సీఏ2 కోసమే ఒక బృందం మీ ఊళ్లో దొరకడం కష్టం. అందుకే వెతుకులాటను రెండుగా విడదీసుకోండి. జబ్బు గురించిన మాటల కోసం అదే జబ్బు ఉన్నవాళ్లు కావాలి, వాళ్లు ఎంత దూరాన ఉన్నా ఫోనులో దొరుకుతారు. హైదరాబాదులో రోగుల చొరవతోనే మొదలైన సీక్ ఎ మిరాకిల్ అటాక్సియా గ్రూప్, క్లుప్తంగా సమాగ్, మన తెలుగువాళ్లకు అన్నిటికంటే దగ్గరిది. బెంగళూరులోని ఆర్గనైజేషన్ ఫర్ రేర్ డిసీజెస్ ఇండియా అన్ని అరుదైన జబ్బుల వాళ్లకూ దారి చూపుతుంది. ఇక బాత్‌రూములో పట్టుకునే కడ్డీలు ఎవరు బిగిస్తారు, ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు ఎవరు, సదరం సర్టిఫికెట్‌కు ఏ కాగితాలు అడుగుతారు అన్నవి ఊరివాళ్లే చెప్పగల సంగతులు. వాటికి పార్కిన్సన్స్, కండరాల క్షీణత ఉన్న కుటుంబాలు పరిచయమైనా సరిపోతుంది, ఎందుకంటే రోజువారీ అవస్థ దాదాపు ఒకటే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాలిక నాడీ సమస్యలను కూడా చేర్చారు కాబట్టి సదరం శిబిరానికి ఎలాగూ వెళ్లాల్సి ఉంటుంది. అక్కడ వరుసలో కూర్చున్నవాళ్లను పలకరించడం మరిచిపోకండి.

జవాబు (ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం):
మీ న్యూరాలజిస్టు వేరే రోగి నంబరు మీకు ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. దాని బదులు మీ నంబరును ఒక చీటీపై రాసి, ఇలాంటివారు ఎవరైనా వచ్చి ఇష్టపడితే అందజేయమని అడగండి. చాలామంది డాక్టర్లు ఇందుకు ఒప్పుకుంటారు. మరొక జాగ్రత్త: వాట్సాప్ బృందంలో మూలకణ చికిత్సతో నయం చేస్తామని, లక్షలు కట్టమని ఎవరైనా ముందుకొస్తే, అటాక్సియాకు అది రుజువైన వైద్యం కాదని గుర్తుంచుకోండి. బృందం మంచిదో కాదో నేనైతే అక్కడ అమ్మకాలు జరుగుతున్నాయా లేదా అన్నదాన్ని బట్టే చూస్తాను.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. అన్నయ్య పిల్లలిద్దరూ ఇంకా బడికి వెళుతున్నారు. బృందంలో చేరితే వాళ్ల సంగతి కూడా బయటపడుతుందేమోనని వదిన సంకోచిస్తున్నారు.

జవాబు (న్యూజెర్సీ నుంచి):
ఆమె సంకోచం సహేతుకమే. ఎస్‌సీఏ2 తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అందువల్ల జన్యు రిపోర్టును ఏ బృందంలోనూ పెట్టవద్దు, పిల్లల పేర్లు ఎత్తవద్దు. లక్షణాలు లేని మైనర్లకు పరీక్ష చేయించకుండా, పెద్దయ్యాక ఆ నిర్ణయాన్ని వాళ్లకే వదిలేయడం వైద్యులు సాధారణంగా పాటించే పద్ధతి. దీని గురించి బృందంలో కంటే జన్యు సలహాదారు దగ్గర మాట్లాడటం మేలు. అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాదు నిమ్స్‌ను ప్రత్యేక కేంద్రంగా గుర్తించారు కాబట్టి అక్కడ అడగవచ్చు. మీ అన్నగారికి ఇంగ్లీషు ఇబ్బంది లేకపోతే, 1957 నుంచి ఇక్కడ పనిచేస్తున్న నేషనల్ అటాక్సియా ఫౌండేషన్ ఆన్‌లైన్ సమావేశాలను కూడా చూడమనండి. మాట ముద్దగా వస్తోందని మొదట్లో మాట్లాడటానికి బిడియపడితే కెమెరా ఆపేసి వినవచ్చు, చెప్పదలచుకున్నది చాట్‌లో రాయవచ్చు.