బెదురు పిల్లితో ప్రయాణం: లాడ్జికి తీసుకువెళ్ళడమా, ఇంట్లో వదలడమా?

కొబ్బరితోట (అమలాపురం): వచ్చే నెల కారులో హైదరాబాదు వెళ్తూ దారిలో ఒక రాత్రి విజయవాడ లాడ్జిలో దిగవలసి ఉంది. మా పిల్లి గుమ్మంలో చెప్పుల చప్పుడైనా బీరువా వెనక్కి దూరిపోతుంది. దానిని వెంట తీసుకువెళ్ళాలో, పక్కింటివారికి అప్పగించాలో తేల్చుకోలేకపోతున్నాను.

లంకగాలి: తప్పక తీసుకువెళ్ళండి. ఇప్పటినుంచే పిల్లిని తీసుకువెళ్ళే బుట్ట తలుపు తీసి ఇంట్లో ఉంచి, అందులో మీరు కట్టి విడిచిన పాత చీర పరిచి, చేపముక్క అక్కడే పెడుతూ ఉంటే, ప్రయాణం నాటికి అది దాని సొంత చోటు అవుతుంది. బయలుదేరడానికి కొన్ని గంటల ముందు మేత ఆపితే వాంతులు తగ్గుతాయి. కారులో బుట్టపై పలుచని తువ్వాలు కప్పండి.

రహదారి లాడ్జి (రావులపాలెం): లాడ్జివారిని అడిగారా? ఒక అతిథి మాకు చెప్పకుండా సంచిలో పిల్లిని తెచ్చారు. అది ఫాల్స్ సీలింగ్‌లోకి ఎక్కితే అర్ధరాత్రి పలకలు ఊడదీయవలసి వచ్చింది.

గోదారిగట్టు: సగం నిద్రమాత్ర వేస్తే సరిపోతుంది.

లంకగాలి: దయచేసి మనుషుల మాత్రలు వేయవద్దు. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా పిల్లికి ప్రాణాంతకం. అవసరమైతే పశువైద్యులు బెదురు తగ్గించే గాబాపెంటిన్ వంటి మందు మోతాదు చూసి రాసిస్తారు. దానిని ముందుగా ఇంట్లోనే ఒకసారి వేసి చూడాలి.

రహదారి లాడ్జి: సీలింగ్ సంగతికి మీరు జవాబు చెప్పలేదు. పిల్లి ఇంటిని నమ్ముకున్న ప్రాణి, ఇంట్లో వదలడమే మేలు.

లంకగాలి: మళ్ళీ సీలింగేనా? పిల్లలను ఏడిళ్ళు తిప్పే ప్రాణికి ఒక్క ఇల్లే లోకమని ఎవరు చెప్పారు?

రహదారి లాడ్జి: మీ ముచ్చట కోసం దానిని హింసించకండి.

లంకగాలి: ముచ్చటా? 2022 జూలై వరదలో మా లంక నుంచి పడవ ఎక్కించినప్పుడు పిల్లికి చోటు లేదన్నారు. ఇంటిని కనిపెట్టుకుని ఉంటుందని అందరూ అంటే, అటక మీద అన్నం, నీళ్ళు పెట్టి వెళ్ళాను. నీరు తీశాక తిరిగి వస్తే గోడ మీద బురద గీత ఉంది, పిల్లి లేదు. ఆ మాట నమ్మే వదిలాను, అందుకే మరొకరు అంటే ఊరుకోలేను.

రహదారి లాడ్జి: ముచ్చట అన్నందుకు క్షమించండి. అయినా వరదా, ఒక రాత్రి బసా ఒకటి కావు. నా బాధ పిల్లి వచ్చినందుకు కాదు, దాచి తెచ్చినందుకు. ముందే చెప్పి ఉంటే సీలింగ్ లేని కింది గది ఇచ్చి, ఊడ్చేవారు తలుపు తీయకుండా చూసేవాడిని.

లంకగాలి: చెబితే ఎందరు గది ఇస్తారు? అందుకే దాస్తున్నారు.

కొబ్బరితోట: మూడు లాడ్జీలకు ఫోను చేశాను. రెండు వద్దన్నాయి, మూడవవారు కొంత అదనంగా కట్టమని ఒప్పుకున్నారు. మంచం కింద సందు మూయడానికి దుప్పట్లు, ఇసుక ట్రే నేనే తీసుకువెళ్తాను. సీలింగ్ గురించి అడగలేదు, రేపు మళ్ళీ ఫోను చేస్తాను.