బోధనా దృక్పథం ఒక పేజీలో ఎలా రాయాలి?

ప్రశ్న: టీచర్ ఉద్యోగ దరఖాస్తుతో బోధనా దృక్పథం ఒక పేజీ జతచేయమన్నారు. "ప్రతి పిల్లవాడూ ప్రత్యేకమే" దగ్గరే కలం ఆగిపోయింది. ఏం రాయాలండీ?

జవాబు 1: ఆ వాక్యం కొట్టేయండి, అందరూ రాసేదే. ఒక నమ్మకం, దాని వెంటనే తరగతిలో చేసే పని చెప్పండి. తప్పుల్లోంచే నేర్చుకుంటారని నమ్మితే, బోర్డు మీద 1/2 + 1/3 = 2/5 అని రాస్తానని చెప్పండి. "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందేంటి?" అని అడిగితే చాలు, పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కలిపేశారని పిల్లలే పట్టేస్తారు. ఇలాంటివి రెండు చాలు, మూడోది పెడితే పేజీ దాటుతుంది.

జవాబు 2: "అర్థమైందా?" అంటే అందరూ తలూపుతారు, దాన్ని నమ్మలేం. ప్రశ్న వేశాక కనీసం 3 సెకన్లు ఆగుతానని రాయండి. అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో గమనించింది ఇదే: టీచర్లు మామూలుగా సెకనుకు మించి ఆగరు. ఆగితే జవాబులు పొడవవుతాయి, మౌనంగా ఉండేవాళ్లూ నోరు విప్పుతారు.

ప్రశ్న: మార్కులు, హోంవర్క్ గురించి కూడా రాయాలా?

జవాబు 1: రెండు వాక్యాలు. పండితుల పేర్లు మాత్రం గుప్పించకండి, ఇంటర్వ్యూలో వాటి మీదే పడతారు.