అప్‌డేట్: గిటార్ టాప్ మీద పగులు అతుక్కుంది

మే నెలలో ఇక్కడే అడిగాను. నల్గొండ ఎండలకు నా స్ప్రూస్ టాప్ (ముందు పలక స్ప్రూస్ చెక్కతో చేసిన) గిటార్‌కు బ్రిడ్జి (టాప్ మీద తీగలు బిగించే ముక్క) కింద నుంచి అంచు దాకా పగులు వచ్చింది, ఏం చేయాలని. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్.

"ముందు జిగురు జోలికి పోకు, తేమ పట్టించు" అన్న మాటే పనిచేసింది. తీగలు వదులు చేసి, చిల్లులు పెట్టిన సబ్బు డబ్బాలో తడి స్పాంజి ఉంచి, గిటార్‌తో పాటు కేసులో మూసిపెట్టాను. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్‌లో 50 శాతం దగ్గర ఉండేలా రోజూ చూసుకున్నా. పది రోజులకు గోరు దూరే సందు వెంట్రుకంత అయింది. అప్పుడు హైదరాబాద్‌లో గిటార్లు బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పగులులోకి వుడ్ గ్లూ వేలితో రుద్ది దించి, లోపలి వైపు పగులుకు అడ్డంగా మూడు చిన్న స్ప్రూస్ ముక్కలు అతికించి, రాత్రంతా క్లాంప్ వేసి ఉంచారు. లోపల టాప్‌కు ఊతమిచ్చే చెక్క బద్దలు (బ్రేసులు) ఊడలేదని చిన్న అద్దం పెట్టి చూపించారు కూడా.

నేను టెన్షన్ పడ్డ ట్రస్ రాడ్‌కు (గిటార్ మెడ లోపలి లోహపు కడ్డీ), మార్చిన తీగల మందానికి దీనితో సంబంధమే లేదట. ఎండాకాలమంతా పొడి గదిలో గోడకు వేలాడదీయడమే కారణం. సూపర్ గ్లూ పోసేయమన్న మా బావ మాట వినలేదు, బతికిపోయాను! గీత కనిపిస్తోంది గానీ, చెయ్యి పెడితే తెలియదు.